2024లో మీకు నచ్చిన సినిమాలేవి? నావరకు, పని చేసే చేతులు కనిపించినవే

రెండో ఆట (వడపళని)
డిసెంబరు 29, 2024, రాత్రి 10:50

ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం ఆ సంవత్సరం టికెట్లన్నీ చాప మీద పరుచుకుని కూర్చోవటం నాకు అలవాటు. ఇప్పుడు అంతా ఫోన్‌లోనే కాబట్టి కౌంటర్లో అడిగి మరీ కాగితం తీసుకుంటాను. ఈ ఏడు హాల్లో చూసినవి 58. తెలుగు 23, తమిళం 21, మలయాళం 11, మిగతావి 3.

నచ్చినవాటిని ఒకపక్కకి తీసి పెడుతుంటే ఒక సంగతి గమనించాను. అది చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన వాహినీ స్టూడియోలో లైట్లు మోసేవారు. నెల్లూరు వైపు నుంచి పదిహేడేళ్ళకి రైలెక్కి మద్రాసు వచ్చారు. ఆర్క్ లైటులో కార్బన్ కడ్డీ కాలి అరిగేకొద్దీ దాన్ని ముందుకు జరుపుతూ ఉండాలి, ఏమరుపాటుగా ఉంటే వెలుగు అదిరిపోతుంది. "తెర మీద హీరోయిన్ మొహం నిలకడగా వెలుగుతోందంటే పైన పలక మీద ఒకడు చెమటలు కక్కుతూ కదలకుండా కూర్చున్నాడనే అర్థం రా" అనేవారు. ఆ వాహినీ స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. అందులోని పలాజో హాల్లో సినిమా చూసినప్పుడల్లా ఆ పలక ఎక్కడుండేదో అని పైకప్పు వంక చూస్తాను.

అందుకేనేమో, తెర మీద మనుషులు పని చేస్తుంటే నాకు చూడబుద్ధేస్తుంది. హీరో ఉద్యోగమేమిటో ఒక్క మాటలో చెప్పేసి పాటలోకి వెళ్ళిపోతే మనసు పట్టదు.

ఈ ఏడాది అలా నన్ను కూర్చోబెట్టింది మారి సెల్వరాజ్ 'వాళై'. బడి లేని రోజు అరటి గెలలు మొయ్యాల్సిన పిల్లాడి కథ. గెల నెత్తికెత్తుకుని బురదలో అడుగు తీసి అడుగు వేస్తుంటే మెడ ఎలా లోపలికి కుంగిపోతుందో చూపించారు. గెలకి ఒక్క రూపాయి పెంచమని అడగటం, ఆ పెరిగిన రూపాయిని రాబట్టుకోవటానికి వ్యాపారి కూలీలను వేరే బండిలో కాకుండా లోడు లారీ మీదే ఎక్కించటం. ఆ తరవాత జరిగింది చూసి హాలంతా నిశ్శబ్దమైపోయింది. దర్శకుడు తన చిన్నతనంలో చూసిన ప్రమాదమే అది.

తెలుగులో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు', '35 చిన్న కథ కాదు'. ఒకదాంట్లో క్షురకుడి కత్తెర, పెళ్ళి బ్యాండు. ఇంకోదాంట్లో కొడుకు కోసం మళ్ళీ లెక్కల పుస్తకం పట్టిన తల్లి. అంబాజీపేటలో శరణ్య చేసిన పద్మ పాత్రని నేను చాన్నాళ్ళు మర్చిపోలేను. తమ్ముడి కంటే ముందు తనే లేచి నిలబడుతుంది. 'లక్కీ భాస్కర్' కూడా ఇందులో పడేస్తాను. బ్యాంకు క్యాషియరు రోజంతా పరాయి నోట్లు లెక్కపెట్టి ఖాళీ జేబుతో ఇంటికి పోవటంలోని బాధ మొదటి అరగంటలో బాగా పట్టుకున్నారు. డబ్బొచ్చాక సరదాగా నడిచిందే గానీ ఆ మొదటి భాగమే నాది.

ఇక అన్నిటికన్నా పైన 'మెయ్యళగన్', మన తెలుగులో 'సత్యం సుందరం'. తమిళంలో ఒకసారి, వారం తిరక్కుండా తెలుగులో ఒకసారి చూశాను.

మీవి రాయండి. ఎందుకు నచ్చాయో రాయండి, ఉత్త పేర్లు వద్దు.

ఒరగడం షిఫ్టు
డిసెంబరు 29, రాత్రి 11:35

అన్నా, మీ కొలతతోనే నా సినిమా చెప్తాను. 'కల్కి 2898 ఏడీ'.

నేను కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తా. బుజ్జి అనే ఆ బండి గ్రాఫిక్స్ బొమ్మ కాదు, నిజంగా నడిచే బండి. సుమారు 6 టన్నులు. కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్‌వాళ్ళు, మహీంద్రావాళ్ళు కలిసి చేశారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఒకటే చక్రం. అంత బరువుని అలా నిలబెట్టి మలుపు తిప్పటమంటే ఏమిటో మా లైన్లో ఉన్నవాళ్ళకి తెలుసు. సినిమా రాకముందు దాన్ని ఊరూరా తిప్పారు, చెన్నై కూడా వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్ళి చక్రాల దగ్గర వంగి చూసొచ్చాను.

సినిమాలో మొదటి గంట సాగింది, ఒప్పుకుంటాను. కానీ అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడ్డాక అదంతా మర్చిపోయాను. పెద్ద సినిమాలో పని చేతులు కనపడవంటారు గానీ, అక్కడ వెల్డింగు చేసిన ప్రతి అతుకూ నాకు కనపడింది.

తిరుపతి బస్సు (పెరంబూర్)
డిసెంబరు 30, ఉదయం 6:20

35 గురించి నేను రాయాల.

మా నాయన ఆర్టీసీలో కండక్టరు. ఆ సినిమాలో తండ్రీ కండక్టరే, ఊరూ మా తిరుపతే. మా ఇంట్లో చిల్లర డబ్బా ఒకటుండేది. మా అమ్మ రూపాయి బిళ్ళల్ని పదేసి దొంతర పెట్టేది. పది దొంతరలైతే నూరని, ఒకటి తీసేస్తే ఎంతని నన్నడిగేది. ఎక్కాలు నేను బడిలో కాదు, ఆ డబ్బా ముందర నేర్చుకున్నా. అమ్మ చదివింది ఏడో తరగతి.

పదో తరగతి తప్పిన ఆ తల్లి సరస్వతి రాత్రిపూట లెక్కలు నేర్చుకుని పొద్దున్నే కొడుక్కి చెప్తా ఉంటే పక్కన మా నాయన కండ్లు తుడుచుకున్నాడు. ఆయన సినిమా హాల్లో ఏడవంగా నేను చూసింది అదే మొదలు. ఆ పిల్లోడి ప్రశ్న చూడండి. సున్నాకి విలువ లేదంటారే, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే ఎట్లా పెద్దదయింది? మాస్టరు దానికి జవాబు చెప్పకుండా పిల్లోడికే సున్నా అని పేరు పెడతాడు. ప్రియదర్శి ఆ మాస్టరుని చెడ్డవాడిలా చెయ్యలేదు, అట్లాంటోళ్ళు ప్రతి బళ్ళోనూ ఉంటారన్నట్టు చేసినాడు. తల్లిగా చేసిన నివేదా థామస్‌కి ఎన్ని అవార్డులిచ్చినా తక్కువే.

ఇంకొకటి. అదే తిరుపతి వేరే మొహం ఇదే ఏడాది 'పుష్ప 2'లో కనబడింది. గంగమ్మ జాతర. మగాళ్ళు చీర కట్టి వేషం వేసుకోవటం చూసి ఇక్కడ మా ఆఫీసులో తమిళ స్నేహితులు ఆశ్చర్యపోయినారు. మా ఊళ్ళో మాతంగి వేషం వెయ్యటమంటే మొక్కు, తమాషా కాదు. సినిమాలో దానికి ఫైట్లు కలిపినారు, సరే. ఆ పసుపు, ఆ నిమ్మకాయల దండలు, ఆ ఉలుకు మాత్రం నిజమే. సినిమా మొత్తం గురించి నాకు పట్టింపు లేదు గానీ ఆ జాతర ముక్క కోసం రెండోసారి పోయినా.

నైట్ డ్యూటీ (ఎగ్మోర్)
డిసెంబరు 30, ఉదయం 9:05

డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

నేను నర్సుని. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్' నవంబరులో చూశాను. కాన్ సినిమా పండుగలో గ్రాంప్రీ బహుమతి గెలిచిందని పేపర్లో చదివే వెళ్ళాను గానీ, అందులో ఉన్నది మా హాస్టల్ గదే. ముంబైలో ఇద్దరు మలయాళీ నర్సులు, ఒక గది, ఒక రైలు. నైట్ డ్యూటీ చేసి వచ్చినప్పుడు ఒంట్లోంచి మందుల వాసన పోదు. ఆ సినిమాలో ఎవరూ ఆ మాట అనరు గానీ వాళ్ళు నడిచే తీరులోనే అది తెలిసిపోతుంది.

ఒక చోట ఆ నర్సుల్లో ఒకామె ప్రభకి జర్మనీ నుంచి రైస్ కుక్కరు వస్తుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే అక్కడికి వెళ్ళి ఫోన్ కూడా మానేసిన భర్త పంపాడేమో. ఉత్తరం లేదు, పేరు లేదు. రాత్రి ప్రభ ఒక్కతే నేల మీద కూర్చుని ఆ ఎర్ర కుక్కర్ని కావలించుకుంటుంది. నా వెనక సీట్లో ఎవరో నవ్వారు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

రెండో ఆట గారూ, మీ జాబితాలో ఇది లేకపోవటం నాకు వెలితిగా ఉంది. చూడలేదా?

కోడంబాకం పాతకాపు
డిసెంబరు 30, మధ్యాహ్నం 1:15

నా ఓటు 'లబ్బర్ పందు'. రబ్బరు బంతి క్రికెట్టు. గోడల మీద బొమ్మలు వేసుకునే నడివయసు గెత్తు, అతన్ని ఎలా అవుట్ చెయ్యాలో తెలిసిన కుర్రాడు అన్బు. గెత్తుకి విజయకాంత్ అంటే ప్రాణం. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గెత్తు బ్యాటు పట్టుకుని దిగుతుంటే 'నీ పొట్టు వచ్చ' పాట మోగింది, హాల్లో అరవై ఏళ్ళవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. కులం పేరు చెప్పి జట్టులోకి రానివ్వకపోవటాన్ని ఉపన్యాసం లేకుండా ఆటలోనే చెప్పాడు దర్శకుడు తమిళరసన్ పచ్చముత్తు. మొదటి సినిమాయట.

నేను దాన్ని చూసింది అశోక్‌నగర్ ఉదయం థియేటర్లో. ఆ హాలు ఈ నెలతో సరి. 1983 నుంచి అందులో ఉదయం, చంద్రన్, సూర్యన్ అనే తెరలు, తరవాత మినీ ఉదయం. మా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడతో మొదటిసారి వెళ్ళింది సూర్యన్‌కే. ఇక్కడి తెలుగువాళ్ళకి కొత్త సినిమా అంటే మౌంట్ రోడ్డు కాసినో, తమిళమైతే ఉదయం. మొన్న అటు వెళ్తే గేటు మూసి ఉంది. ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను.

ఓఎంఆర్ గోదారి
డిసెంబరు 30, రాత్రి 8:40

మాది అమలాపురం దగ్గరండి, అంబాజీపేట మాకు పక్కనే. ఆ సినిమాలో యాసని వెక్కిరింతకి వాడుకోలేదు, అందుకే నాకు ఇష్టం. మా వూళ్ళో బ్యాండు మేళంవాళ్ళు పెళ్ళిలో అందరూ తిన్నాక ఆఖరి బంతిలో కూర్చుంటారండి. చిన్నప్పుడు నాకది తప్పని తోచలేదు. ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి తోచింది.

'కమిటీ కుర్రోళ్ళు' కూడా మా గోదారిదే. కొత్త కుర్రాళ్ళే పదకొండు మంది. మొదటి సగం మా పిల్లకాలం మొత్తం కళ్ళ ముందుకొచ్చేసింది.

ఇప్పుడు రెండో ఆట గారికో ప్రశ్నండి, కోపం తెచ్చుకోవద్దు. పని చేసే చేతులు కనపడాలన్నారు కదా. మరి సత్యం సుందరంలో పనేదండీ? ఒకాయన పెళ్ళికొస్తాడు, ఇంకోయన వదలకుండా కూడా తిరుగుతాడు, రాత్రంతా కూర్చుని మాట్లాడుకుంటారు. దగ్గర దగ్గర మూడు గంటలు. విడుదలయ్యాక వాళ్ళే పద్దెనిమిది నిమిషాలు కత్తిరించారు. నాకూ నచ్చింది గానీ, మీ లెక్కలో అది మొదటి స్థానంలో ఎలా నిలబడిందో తెలియలేదు.

మారతహళ్ళి మెయిల్ (బెంగళూరు)
డిసెంబరు 31, ఉదయం 7:30

చెన్నైవాళ్ళని చూస్తే అసూయగా ఉంది. మీకు మల్టీప్లెక్సులో టికెట్టు 190 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. మాకిక్కడ శనివారం సాయంత్రం కొత్త సినిమా అయితే ఒక్కో టికెట్టు ఐదొందలు దాటుతుంది. ఇంట్లో నలుగురం. అందుకే నేను చూసినవి తక్కువ.

చూసినవాటిలో 'మంజుమ్మల్ బాయ్స్'. అందరూ స్నేహం గురించి రాశారు, నేను గుహ గురించి రాస్తాను. కొడైకెనాల్ గుణ గుహలోకి అంత లోతున యూనిట్‌ని దింపటం కుదరదు కదా, చాలా భాగం అజయన్ చాలిశ్శేరి వేసిన సెట్టే. తడి రాయి, నాచు, వానకి లోపలికి కొట్టుకొచ్చే బురద... నేను హాల్లో ఊపిరాడక సీటు అంచుకి జరిగి కూర్చున్నాను. సెట్టని తరవాత చదివి తెలుసుకున్నాను. మీ నాన్నగారి తరహా మనుషులు ఎందరు ఆ గోడల వెనక పని చేసి ఉంటారో.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. 'ఉళ్ళొళుక్కు'కి వెళ్తే మా హాల్లో విశ్రాంతి దాకా సబ్‌టైటిళ్ళు రాలేదు. లేచి వెళ్ళి అడిగితే, మలయాళం రానివాళ్ళు ఎందుకొచ్చారన్నట్టు చూశారు. వరదనీళ్ళు తగ్గేదాకా శవాన్ని ఇంట్లోనే పెట్టుకుని అత్తా కోడలూ ఎదురుచూడటమే ఆ కథ. ఊర్వశి మొహం చూస్తూ సగం సినిమా మాటలు తెలియకుండానే అర్థం చేసుకున్నాను. మిగతా సగానికి మాటలొచ్చాక తెలిసింది, నేను తెలుసుకోనిది ఎంత ఉందో. ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి చూశాను.

రెండో ఆట
డిసెంబరు 31, రాత్రి 9:10

నైట్ డ్యూటీ అమ్మా, నువ్వు చెప్పిన సినిమా మా దగ్గర హాల్లో ఉన్న వారం నాకు ఆడిట్ పని. చూడలేకపోయాను. కుక్కరు సంగతి చదివాక చూడకుండా ఉండలేను.

ఒరగడం తమ్ముడూ, వెల్డింగు అతుకుల మాట బాగా చెప్పావు. నేను కల్కిని మూడో వరసలో కూర్చుని చూసి తలనొప్పితో వచ్చేశాను. నీ మాట మీద ఇంకోసారి చూస్తాను.

గోదారి గారూ, కోపమెందుకు? నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

ప్రేమ్‌కుమార్ తీసిన ఆ సినిమాలో కార్తి ఆ రాత్రంతా ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. మండపంలో భోజనం దగ్గర కూర్చోబెట్టటం, సంచీ మొయ్యటం, బస్సు తప్పితే ఇంటికి తీసుకుపోవటం, పడక వెయ్యటం. తెరంతా అతని చేతులే. అతిథిని చూసుకోవటం కూడా పనే, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజూ చేసేదే. కార్తి చేశాడు కాబట్టి మన కంట పడింది.

అంతకన్నా పెద్ద సంగతి పేరు. అరవింద్ స్వామికి ఆ మనిషి పేరు గుర్తు రాదు. ఎవరని అడగటానికి మొహం చెల్లదు. ఒకప్పుడు అరవింద్ స్వామి వాళ్ళు ఇల్లు వదిలి వెళ్తూ విడిచిపెట్టిన పాత సైకిలుతోనే తమ బతుకు నిలబడిందని అతను చెప్తుంటే, పేరు కూడా తెలియని సిగ్గుతో ఈయన తెల్లారకముందే పారిపోతాడు. తమిళంలో చూసినప్పుడు అది తంజావూరు పక్క ఊళ్ళ కథ. తెలుగులో ఊళ్ళ పేర్లు మార్చి గుంటూరు వైపు కథ చేశారు. ఊరు మారినా ఆ సిగ్గు మారలేదు.

మా నాన్న వెలిగించిన లైట్ల కింద ఎంతమంది పెద్ద పెద్దవాళ్ళు నిలబడ్డారో చెప్పలేను. వాళ్ళు ఆయన్ని "పైన ఉన్నాయనా" అని పిలిచేవారట. "పైన ఉన్నాయనా, కాస్త ఎడమకి." ఆ రోజుల్లో టైటిల్స్‌లో లైట్లవాళ్ళ పేర్లు పడేవి కావు. పండక్కి టీవీలో ఆ సినిమాలు వస్తే అమ్మ టైటిల్స్ అయ్యేదాకా స్టవ్ కట్టేసి వచ్చి నిలబడేది. పడదని తెలిసీ చూసేది. నాన్న మాత్రం పేపరు చదువుకునేవారు.

అరవింద్ స్వామి ఫోన్‌లో పేరు అడిగి ఏడ్చే చోట నేను మా అమ్మని తలుచుకున్నాను. మొదటి స్థానం అందుకండి.

నైట్ డ్యూటీ
జనవరి 1, 2025, ఉదయం 8:50

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.

రెండో ఆట గారు రాసింది వార్డులో కూర్చుని చదివాను. మమ్మల్ని అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, మేమూ మంచం నంబరుతోనే పేషెంట్లని చెప్పుకుంటాం. రాత్రి ఏడో మంచం తాతగారిని పేరు పెట్టి పలకరించాను. ఆయన లేచి కూర్చుని నా పేరడిగారు.

సత్యం సుందరం నేను చూడలేదు. ఈ వారమే చూస్తాను.

తిరుపతి బస్సు
జనవరి 1, ఉదయం 11:15

రెండో ఆట గారూ, మీరు మొన్న రాయటం మర్చిపోయినట్టున్నారు, 'జమ' చూసినారా? తిరువణ్ణామలై పక్క తెరుకూత్తు అనే వీధి నాటకం ఆడేవాళ్ళ కథ. ఆడవేషం కట్టేవాడికి ఒక్కసారన్నా అర్జునుడి వేషం కట్టాలని ఆశ. పారి ఇళవళగన్ తనే రాసి, తీసి, నటించినాడు. సంగీతం ఇళయరాజా.

మా చిత్తూరు పక్క ద్రౌపదమ్మ గుళ్ళల్లో భారతం ఆడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పైనుంచి పూలు, నిమ్మకాయలు విసురుతా ఉంటే పిల్లలు లేని ఆడోళ్ళు కింద తడిబట్టలతో కొంగు పట్టుకుని ఉంటారు. ఆ వేషం కట్టేవాడు మా వూళ్ళో మామూలు రోజుల్లో సైకిల్ పంచరు వేస్తాడు. భారతం ఆడే ఆ రోజుల్లో మాత్రం ఊరు ఊరంతా ఆయనకి మొక్కుతుంది. మీరు ఆ సినిమా చూడాల.

రెండో ఆట
జనవరి 1, సాయంత్రం 5:40

చూశాను నాయనా, ఆగస్టులో. హాల్లో పదకొండు మందిమి. జాబితాలో రాయకపోవటం నాదే తప్పు. ముఖానికి రంగు రాసుకుంటూ కుర్చీలో కూర్చున్నవాడు మెల్లగా ఇంకో మనిషి అయిపోయే ఆ దృశ్యం కోసమైనా రాయాల్సింది. తపస్సు మాను సంగతి నాకు తెలియదు. ఈసారి మీ ఊళ్ళో భారతం ఎప్పుడు పెడతారో ముందుగా చెప్పు, వస్తాను.

ఒరగడం షిఫ్టు
జనవరి 1, రాత్రి 10:20

సంక్రాంతికి మూడు తెలుగు సినిమాలు వస్తున్నాయి. మనకి ఇక్కడ పొద్దున 9 లోపు ఆట వెయ్యరు. సూళ్ళూరుపేట పోదామా? అక్కడ 106 అడుగుల తెర. నా బండిలో ఐదుగురు పడతారు. 11వ తేదీ శనివారం. రెడ్‌హిల్స్ మీదుగా పోతాం, దారిలో ఎక్కేవాళ్ళు చెప్పండి. రెండో ఆట అన్నా, మీరు ముందు సీట్లో. ఈసారి మూడో వరస వద్దు, నేను వెనకవే బుక్ చేస్తా.

కోడంబాకం పాతకాపు
జనవరి 1, రాత్రి 10:45

నేనూ, మా ఆవిడా. ఇద్దరం.

నైట్ డ్యూటీ
జనవరి 2, ఉదయం 8:55

శనివారం తెల్లారి డ్యూటీ దిగుతాను. ఎనిమిదిన్నరకి మాధవరం బస్టాండు దగ్గర ఉంటాను. ఒక్క పది నిమిషాలు ఆగండి.